ఓవర్సీర్ సాబ్ అంటించిన కాగితం ముక్క

గత శుక్రవారం మధ్యాహ్నం పంజాగుట్ట కూడలిలో కారు ఆగి ఉండగా ఫోన్ మోగింది. "ఆంటీ, అబ్బా పోయిండ్రు," అంది ఓవర్సీర్ సాబ్ కూతురు. వెనక ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు. పొద్దున నమాజుకి లేచారట, నీళ్లు తాగారట, కాసేపు పడుకుంటానన్నారట. అంతేనట. "సాయంత్రం అసర్ నమాజ్ అయినంక తీస్కపోతరు. మీరు వస్తరా?" అంది. వస్తానన్నాను. సిగ్నల్ పడింది, వెనక హారన్లు మొదలయ్యాయి. కారు ఎలా కదిలించాలో నాకు కాసేపు తోచలేదు.

ఆయన మునిసిపల్ ఆఫీసులో ఓవర్సీర్‌గా పనిచేశారు. ఎవరైనా ఇల్లు కట్టుకుంటామని ప్లాను తెస్తే, ఆ స్థలానికి వెళ్లి, కొలిచి, ఉన్నది ఉన్నట్టు రాసిచ్చే ఉద్యోగం. ఆఫీసంతా ఓవర్సీర్ సాబ్ అనేవాళ్లు. నేనూ అలాగే పిలిచాను. ఈ ఊళ్లో ఇల్లు కట్టుకున్నవాళ్లలో కొందరికి, ఆ ఇళ్ల పక్కన ఉంటున్నవాళ్లలో ఇంకా ఎక్కువమందికి, ఆయన వల్ల ఒక మేలు జరిగింది. ఆ సంగతి వాళ్లకు తెలిసే దారి లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

సాఫ్ట్‌వేర్ పిచ్చి ఊరంతా పట్టిన రోజులవి. మాది తెనాలి దగ్గర పల్లె. సివిల్ డిప్లొమా చేసి, అది చాలదని అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేరాను. బాల్కనీలు కనిపించకుండా బ్యానర్లు కట్టిన సందుల్లో, అమ్మాయిల హాస్టల్లో ఒక మంచం నాది. కోర్సు అయ్యాక ఒక చిన్న కంపెనీ నన్ను తీసుకుంది. ఇళ్ల ప్లాన్లను కంప్యూటరే చదివి, నిబంధనలకు సరిపోతే పచ్చ గుర్తు, లేకపోతే ఎర్ర గుర్తు వేసే ప్రోగ్రాం రాయడం వాళ్ల పని. నాకు సివిల్ తెలుసు కాబట్టి నన్ను పంజాగుట్టలోని మునిసిపల్ ఆఫీసులోనే ఒక బల్ల వేసి కూర్చోబెట్టారు. నిబంధనలు చెప్పడానికి ఓవర్సీర్ సాబ్‌ని నాకు అప్పగించారు.

మొదటిరోజు ఆయన ఒక ప్లాను పరిచి, "మెట్లెక్కు బేటా," అన్నారు. అర్థంకాక చూశాను. "గీ ఇంట్ల నువ్వున్నవ్ అనుకో. చేతుల నీళ్ల బకెట్ ఉంది. మెట్లెక్కి పైకి పో. యాడ తల తగుల్తదో చెప్పు." నేను గీతల మీద వేలు పెట్టి ఎక్కాను. ఏడో మెట్టు దగ్గర పై స్లాబు అడ్డొచ్చింది. నవ్వారు. కాలేజీలో మూడేళ్లు ప్లాన్లు గీశాను కానీ ఒక్క ఇంట్లోకి అడుగుపెట్టలేదని ఆ రోజే తెలిసింది.

ఆయనకి కొన్ని అలవాట్లుండేవి. స్థలం చూడటానికి వెళ్తే ముందు పక్కింటి తలుపు తట్టేవారు. యజమాని గేటు దగ్గర నిలబడి పిలుస్తున్నా సరే, పక్కింటివాళ్లని పలకరించి, వాళ్ల గోడ ఎప్పటిది, నీళ్లు ఎటు పోతాయి అని కనుక్కున్నాకే టేపు తీసేవారు. ఎవరింట్లోనూ టీ తాగేవారు కాదు. "చాయ్ తాగినంక కాదనుడు కష్టమైతది," అనేవారు.

ఆయన కంప్యూటరుకి వ్యతిరేకి అనుకుంటారేమో, కానే కాదు. ఆఫీసు వరండాలో ఫైలు కోసం గోడకి ఆనుకుని గంటలు గంటలు నిలబడే ముసలివాళ్లని చూపించి, "వీళ్లు నాకెందుకు దండం పెట్టాలె? నేనేం దేవుణ్ణా? నీ మిషిన్ జల్ది రానీ," అనేవారు. శ్రీనగర్ కాలనీ నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ పై గది కట్టుకోవడానికి తిరిగి తిరిగి, ఒకరోజు వరండాలోనే కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. ఆమె ఫైలు ఎవరి బల్ల మీద ఎందుకు ఆగిందో ఆయనకి తెలుసు. లంచం అందితే గానీ కదలని బల్ల అది.

మా ఇద్దరికీ తేడా వచ్చింది ఒక్కచోటే. కంప్యూటర్ పచ్చ గుర్తు వేసేముందు ఒక మనిషి వెళ్లి స్థలం చూసి రావాలని, అందుకు ఆయన నాతో రాయించిన తనిఖీ మెట్టు ప్రోగ్రాంలో ఉండాలని ఆయన పట్టు. ఈ పని మొత్తం చూసే మునిసిపల్ ఆఫీసరు ఒప్పుకోలేదు. "అక్కడే కదండీ తిరకాసంతా. మనిషి వెళ్తే మళ్లీ పాత కథే," అన్నారాయన. ఆ మాటలోనూ నిజం ఉంది, వరండా నిండా దానికి సాక్ష్యాలు నిలబడి ఉండేవి. మీటింగులో నన్ను అడిగారు. నాకు ఇరవై రెండేళ్లు, నా ప్రోగ్రాం అంటే నాకు మహా గర్వం. "మనిషి చెయ్యి తగిలితేనే లంచం సార్. చెయ్యి తగలకుండా చేద్దాం," అన్నాను.

బయటికొచ్చాక ఓవర్సీర్ సాబ్ నా వైపు తిరిగి మెల్లగా అడిగారు. "నా చెయ్యి సుత నీకు అట్లనే కనబడ్తున్నదా బేటా?"

ఏదో అన్నాను. మిమ్మల్ని కాదు సార్, అందర్నీ కలిపి అన్నాను అని. తల ఊపి వెళ్లిపోయారు. తనిఖీ మెట్టు తీసేశాం.

ఆ వారమే ఆయన భార్యకి ఆపరేషన్ అయింది. నెలరోజులు సెలవు పెట్టారు. ఆయన లేనప్పుడే, ముందు మా ఒక్క ఆఫీసు వరకు, ప్రారంభోత్సవం జరిగింది. పెద్దవాళ్ల ముందు ఒక ఫైలు నడిపించి చూపాలి, మంచిది ఎంచమని నాకే చెప్పారు. మా హాస్టల్ పక్కన పాత ఇల్లు పడగొట్టి కోచింగ్ సెంటర్‌కి పెద్ద బిల్డింగ్ కడతామని వచ్చిన ఫైలు ఎంచాను. ఎందుకంటే రోజూ ఆ దారిన వెళ్తూ, నా ప్రోగ్రాం పాస్ చేసిన మొదటి బిల్డింగ్ లేస్తుంటే చూసుకోవచ్చని. మీట నొక్కాను. పచ్చ గుర్తు వచ్చింది. చప్పట్లు కొట్టారు. నన్ను ముందు వరసలో నిలబెట్టి ఫొటో తీశారు.

సెల్లార్ కోసం తవ్వకం మొదలైంది. వానలూ మొదలయ్యాయి. రోజంతా ప్రొక్లెయిన్ శబ్దం, హాస్టల్ గ్లాసులు అల్మారాలో గలగలమనేవి. మాకు అది ఇబ్బందిగా తోచిందే తప్ప భయంగా తోచలేదు.

ఓవర్సీర్ సాబ్ సెలవు నుంచి వచ్చిన రోజు బుధవారం. మర్నాడు ఊరంతటికీ ఈ పద్ధతి తెరుస్తున్నారని ఆఫీసు హడావిడిగా ఉంది. ఆయన వచ్చీ రాగానే మొదటి ఫైలు చూపించమన్నారు. ఉత్సాహంగా ప్లాను తీసి బల్ల మీద పరిచాను. చాలాసేపు చూశారు. తర్వాత వేలు ఒకచోట ఆపి, "చదువు," అన్నారు.

స్థలానికి నాలుగువైపులా ఏముందో రాసే చిన్న అక్షరాలవి. తూర్పున రోడ్డు. దక్షిణాన, ఉత్తరాన ఇళ్లు. పడమర ఖాళీ స్థలం.

"నీ హాస్టల్ యాడుంటది దీనికి?"

పడమర వైపే. గోడకి గోడ. నా మంచం ఉన్న గది, నేను అన్నం తినే వంటగది, అన్నీ ఆ ఖాళీ స్థలంలో ఉన్నాయి. ఆ ప్లానుని నేను ఎన్నిసార్లు తెరిచానో లెక్కలేదు. ఒక్కసారీ ఆ మాట చదవలేదు. కంప్యూటర్ చదివింది, ఖాళీ స్థలం కదా అని నమ్మింది.

ఆయన ప్లాను మడిచారు. గొడుగు తీసుకుని, "నడువు," అన్నారు.

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా వానలో దాదాపు పరుగెత్తాం. ఆటోలేవీ ఆగలేదు. గొడుగు ఉన్నదన్న మాటే గానీ ఇద్దరం తడిసిపోయాం. గుంత అంచుకి వెళ్లి చూసి ఆయన ముఖం మారిపోయింది. ప్లానులో గోడ దగ్గర వదిలిన జాగా నేల మీద వదల్లేదు. హాస్టల్ పునాది రాళ్ల అంచు దాకా నిలువుగా కోసేశారు. ఎర్రనీళ్లు కారుతున్నాయి.

"మిషిన్ ఆపుండ్రి," అని అరిచారు.

సైట్ సూపర్‌వైజర్ తాపీగా వచ్చాడు. "పర్మిషన్ ఆన్‌లైన్ల వచ్చింది సార్. కంప్యూటరే పాస్ చేసింది. మళ్ల మీరేంది?"

ఆ మాటకి నేను తలెత్తలేకపోయాను.

ఆయన వాదించకుండా హాస్టల్ వైపు తిరిగారు. ఎప్పటిలాగే ముందు పక్కింటి తలుపు. వార్డెనమ్మ భీమవరం ఆవిడ, గట్టి మనిషి. "ఏంటి సార్, ఆడపిల్లల హాస్టల్లోకి అలా వచ్చేస్తారేంటి?" అని అడ్డం నిలబడింది. నేను సర్దిచెప్పాను. "అమ్మా, ఇవాళ ఏదన్న తలుపు సరిగ్గ పడ్తలేదా?" అని అడిగారు. ఆవిడ ఆగి, "వంటింటి తలుపు. పొద్దున్నుంచీ పట్టేస్తోంది. వానకి ఉబ్బిందనుకున్నాం," అంది.

వంటింటి గోడ మీద వెంట్రుకంత సన్నటి బీట పైనుంచి కిందదాకా ఉంది. ఆయన తన నోట్‌బుక్‌లోంచి వేలెడు వెడల్పు కాగితం ముక్క చింపారు. వంటామెని నాలుగు మెతుకులు అడిగి, నలిపి, బీటకి అడ్డంగా ఆ కాగితాన్ని బిగించి అంటించారు. రెండు చివరలా పెన్సిలుతో టైం రాశారు. వంటామె ఏమీ అడక్కుండానే పళ్లెం తీసుకుని ఆరడానికి విసరసాగింది. "గోడ కదుల్తున్నదంటే ఇది చిరుగుతది, చూడాలె," అన్నారు ఆయన.

నలుగురం ఆ కాగితం ముందు నిలబడ్డాం. పైన గదుల్లో అమ్మాయిలు చదువుకుంటున్నారు, ఎవరో ఇంటర్వ్యూ జవాబులు ఇంగ్లీషులో బట్టీ పడుతున్నారు, ఎవరో బకెట్ ఈడుస్తున్నారు. అవతల ప్రొక్లెయిన్ మళ్లీ మొదలైంది. అరగంట కూడా కాలేదు. కాగితం మధ్యలో చిన్న ముడతలా లేచింది. తర్వాత చప్పుడు లేకుండా చిరిగింది.

"అందర్ని బయటికి తియ్యి," అన్నారు నాతో.

వార్డెన్ టేబుల్ మీది ఫోన్‌లో ఆఫీసరుకి చెప్పారు. అవతలి మాటలు నాకూ వినిపించాయి. "రేపు ఊరంతటికీ ప్రారంభం పెట్టుకుని ఇవాళ ఖాళీ చేయిస్తారా? మీకేం అధికారం ఉందండీ? పేపర్లలో వస్తే ఎవరు జవాబు చెప్తారు? రేపు ఇంజనీరుని పంపిస్తాను, అప్పటిదాకా ఆగండి."

"రేపటిదాకా గోడ ఆగదు సార్," అన్నారు ఓవర్సీర్ సాబ్. "నన్ను సస్పెండ్ చెయ్యుండ్రి. పిల్లలనైతే బయటికి తెస్తున్న." ఫోన్ పెట్టేశారు.

మూడు అంతస్తులూ తలుపులు బాదుకుంటూ ఎక్కాను. నమ్మనివాళ్లు నమ్మలేదు. నిద్రలో ఉన్నవాళ్లు విసుక్కున్నారు. అందరికీ ఒకటే బెంగ, సర్టిఫికెట్లు. అవి పెట్టెల అడుగున ఉంటాయి. "ఏం తియ్యొద్దు, దిగండి," అని అరుస్తూ నా గది ముందు నుంచే రెండుసార్లు వెళ్లాను. నావీ లోపలే ఉన్నాయి. వార్డెనమ్మ రిజిస్టరు పట్టుకుని రోడ్డు మీద వానలో పేర్లు పిలిచింది. ఒక పేరుకి జవాబు రాలేదు. ఖమ్మం అమ్మాయి. మర్నాడు ఇంటర్వ్యూ. నాతోపాటే దిగింది, నాకు గుర్తుంది. మార్కుల మెమోల కోసం మళ్లీ లోపలికి పోయిందని ఎవరో అన్నారు.

నేను కదిలేలోపే ఓవర్సీర్ సాబ్ చెప్పులు విడిచి లోపలికి వెళ్లిపోయారు. ఆయనకప్పటికే యాభై దాటాయి. మెట్ల కిటికీల్లో ఆయన తల ఒక్కో అంతస్తు దగ్గరా కనిపించి మాయమవుతోంది. సూపర్‌వైజర్ ఇప్పుడు తనే పరుగెత్తి ప్రొక్లెయిన్ ఆపించాడు. ఆ నిశ్శబ్దంలో గోడలోంచి, ఎండుకట్టె విరిగినట్టు, ఒక చప్పుడు వచ్చింది. వంటామె నా భుజం గట్టిగా పట్టుకుంది.

ఆయన ఆ అమ్మాయిని మణికట్టు పట్టుకుని ఈడ్చుకుంటూ వచ్చారు. ఆమె ఫైలు గుండెకి హత్తుకుని ఏడుస్తోంది. వాళ్లు రోడ్డు దాటి అవతలి కొట్టు మెట్ల మీద కూర్చున్నాక, వంటగదీ, దానిపైన రెండు గదులూ మెల్లగా పక్కకి ఒరిగి గుంతలోకి జారిపోయాయి. పెద్ద శబ్దం కూడా రాలేదు, తడి మట్టి కదా. ఆ రెండు గదుల్లో ఒకటి నాది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఓవర్సీర్ సాబ్ వొట్టి కాళ్లతో కొట్టు మెట్ల మీద కూర్చుని ఖమ్మం అమ్మాయితో, "ఏడ్వకు బేటా, రేపు మంచిగ జవాబులు చెప్పు," అంటున్నారు. నన్ను చూసి ఏమీ అనలేదు. అదే నాకు భరించరానిదయింది.

ఆ తర్వాతి పదిహేను రోజులు ఆ మధ్యాహ్నం కంటే భయంకరంగా గడిచాయి. విచారణ వేశారు. ఎవరో ఒకరు తప్పు చేసి ఉండాలి. అది కొత్త పద్ధతిదీ కాకూడదు, దాన్ని తెచ్చినవాళ్లదీ కాకూడదు. మా కంపెనీ మేనేజరు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ప్రోగ్రాంలో స్థలం తనిఖీ మెట్టు ముందునుంచీ ఉందని, ఓవర్సీర్ దాన్ని నింపకుండా సెలవు మీద వెళ్లాడని రాసివ్వమన్నాడు. "ఆ మెట్టు మళ్లీ పెట్టేసి, పాత తేదీ కనపడేలా చెయ్యి. నీకు పది నిమిషాల పని," అన్నాడు. నిజమే. నాకు పది నిమిషాల పని.

మాసబ్ ట్యాంక్ దగ్గర ఆయన ఇంటికి వెళ్లాను. మొదటిసారి వెళ్లడం అదే. ఆయన భార్య ఇంకా మంచం మీదే ఉన్నారు, ఆయనే లోపల్నుంచి మంచినీళ్లు తెచ్చిచ్చారు. జరిగింది చెప్పాను. "మీరు ముందే హెచ్చరించారనీ, రాతపూర్వకంగా ఇచ్చారనీ రాస్తాను సార్. నేను చూశానని చెప్తాను," అన్నాను. ఆయన రాతలో ఏమీ ఇవ్వలేదు. నోటితోనే చెప్పారు.

ఆయనకి కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. "వాళ్లు ఒక అబద్ధం చెప్పమన్నరు, నువ్వు ఇంకోటి చెప్తనంటున్నవ్. ఫరక్ ఏమున్నది?" తర్వాత గొంతు తగ్గించారు. "నువ్వేం చూసినవో గదే రాయి. నన్ను కాపాడనీకి ఎక్కువ రాయకు. ఎవర్నో కాపాడనీకి తక్కువ రాయకు. కొలత అంటే గంతే బేటా."

విచారణలో ఉన్నదంతా రాశాను. తనిఖీ మెట్టు ఓవర్సీర్ సాబ్ అడిగారనీ, దాన్ని వద్దన్నవాళ్లలో నేనూ ఉన్నాననీ, ఆ ఫైలు ఎంచింది నేనేననీ, ఖాళీ స్థలం అన్న మాట చదవనిది నేనేననీ రాశాను. మర్నాడు మా కంపెనీలో నాకు బల్ల లేదు. ఆయన మీద కేసు నిలవలేదు. కానీ అనుమతి లేకుండా హాస్టల్ ఖాళీ చేయించారని మెమో ఇచ్చి, పాత రికార్డులుండే గదికి వేశారు. ప్లానులో అబద్ధం రాసినవాళ్లకి ఏమైందో నాకు చివరిదాకా తెలియలేదు.

హాస్టల్ కూలాక ఆపేసిన ఆ పద్ధతిని రెండేళ్లకి మళ్లీ మొదలుపెట్టాలనుకున్నప్పుడు కొత్తగా వచ్చిన ఆఫీసరు విచారణ కాగితాలు చదివి, ఆయన్ని రికార్డు గదిలోంచి పిలిపించారు. మనిషి వెళ్తే లంచం అన్న పాత గొడవకి ఆయన చెప్పిన పరిష్కారం చాలా చిన్నది. "ఎవరు పోవాలెనో మిషిన్ చెప్పాలె. పోయి చూసుడు మనిషి చెయ్యాలె." ఏ ఫైలు ఎవరికి పడుతుందో ఎవరికీ ముందు తెలియదు కాబట్టి ఎవరూ ఎవరి బల్ల దగ్గరా కాసుక్కూర్చోరు. వెళ్లినవాళ్లు పక్కింటి గోడ ఫొటో పెట్టి తీరాలి. ఆ ప్రోగ్రాం రాయడానికి నన్ను పిలవమన్నది కూడా ఆయనే. నేను వేరే ఉద్యోగంలో ఉన్నా, శని ఆదివారాలు ఎర్రమంజిల్‌లో ఒక గదిలో కూర్చుని రాశాను. ఈసారి ప్రతి ప్లానులో మొదట నాలుగు దిక్కులూ చదివించాను.

రిటైరయ్యాక ఆయన తన ఇంటి మీద ఒక గది వేద్దామనుకుని ఆన్‌లైన్‌లో అప్లికేషన్ పెట్టుకున్నారు. వెనక వదలాల్సిన జాగా రెండడుగులు తక్కువైందని ఎర్ర గుర్తు వచ్చింది. నాకు ఫోన్ చేసి పగలబడి నవ్వారు. "మస్తు పని చేసింది నీ మిషిన్. నన్ను సుత ఆపింది!" గది కట్టలేదు.

ఇన్నేళ్లలో ఆయన్ని క్షమించమని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ప్రతి రంజాన్‌కీ ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేది. ఆయన సేమ్యా గిన్నె ముందుకు జరిపి, "తిను బేటా, సల్లారుతది," అనేవారు. అడగకుండానే ఉండిపోయాను.

శుక్రవారం నేను వెళ్లేసరికి ఇంట్లో ఆడవాళ్లంతా డాబా మీద ఉన్నారు. ఆయన కూతురు నా చెయ్యి పట్టుకుని పిట్టగోడ దగ్గరికి తీసుకెళ్లింది. కింద సందులోంచి జనాజాని, ఆయన పాడెని, భుజాల మీద తీసుకెళ్తున్నారు. సందు ఇరుకు. నాలుగడుగులకోసారి భుజాలు మారుతున్నాయి, కొట్లలోంచి మనుషులు దిగి వచ్చి కాస్త దూరం మోసి పక్కకి తప్పుకుంటున్నారు. ఎదురుగా స్కూటర్ మీద వస్తున్న ఒకతను దాన్ని గోడవారగా ఆపి, తలకి చేతిరుమాలు కట్టుకుని, వెళ్లి భుజం పెట్టాడు. పది అడుగులు నడిచాడు. ఇంకొకరికి అందించి వెనక్కి వచ్చాడు. పోయింది ఎవరో అతనికి తెలుసని నేననుకోను. జనం మలుపు తిరిగి కనిపించకుండా పోయాక కూడా అతను స్కూటర్ మీద చెయ్యి వేసి అటే చూస్తూ నిలబడ్డాడు. బండి మాత్రం స్టార్ట్ చెయ్యలేదు.